యూనిట్ – 9 : ప్రతిభ, పోటీ, ఉపకార వేతనం – భారతదేశంలో విజ్ఞానశాస్త్ర విద్యార్థుల ఎంపిక చరిత్ర (1882–2022)

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• వలస పాలన కాలంలో భారతీయ విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర చదువుల కోసం లభించిన ఉపకార వేతనాల స్వభావాన్ని వివరించగలరు.
• 1963లో మొదలైన జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకం, 1976లో దానిలో వచ్చిన మార్పు, వాటి కారణాలను చర్చించగలరు.
• కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన, ఇన్‌స్పైర్ పథకాల ఎంపిక విధానాలను పోల్చగలరు.
• ఒక దరఖాస్తు ఫారాన్ని చారిత్రక ఆధారంగా చదవడం ఎలాగో తెలుసుకోగలరు.

9.1 పరిచయం

విద్యా చరిత్ర అనగానే మనకు కమిషన్లు, చట్టాలు, విశ్వవిద్యాలయాల స్థాపన గుర్తుకు వస్తాయి. కిందటి యూనిట్లలో మీరు వాటిని చదివారు. ఈ యూనిట్‌లో మరొక కోణం నుంచి అదే చరిత్రను పరిశీలిద్దాం. చదువుకోవాలనే కోరిక, తెలివితేటలు ఉండి, డబ్బు లేని ఒక విద్యార్థికి ఉన్నత విద్య తలుపు ఎలా తెరుచుకుంది? ఆ తలుపు దగ్గర నిలబడి ఎవరిని లోపలికి పంపాలో నిర్ణయించింది ఎవరు? ఏ కొలబద్దతో నిర్ణయించారు?

ఉపకార వేతనం కేవలం ధన సహాయం కాదు. అది ఒక తీర్పు కూడా. వెయ్యిమంది దరఖాస్తు చేస్తే పదిమందికి ఇచ్చే వేతనం, మిగిలిన తొమ్మిది వందల తొంభైమంది గురించి కూడా ఏదో ఒక మాట చెబుతుంది. అందువల్ల ప్రతి పథకాన్ని మూడు ప్రశ్నలతో పరిశీలించాలి. ఒకటి, ఆ పథకం దేనిని ‘ప్రతిభ’గా గుర్తించింది? రెండు, ఏ భాషలో గుర్తించింది? మూడు, ఎంపికైన విద్యార్థి ఏ చదువు చదవాలని ఆశించింది? ఈ మూడు ప్రశ్నలకు కాలాన్ని బట్టి వేర్వేరు సమాధానాలు వచ్చాయి. ఆ మార్పే ఈ యూనిట్‌లోని ప్రధాన విషయం.

9.2 లండన్ కొలబద్ద : గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనం

పంతొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో భారతదేశంలో విజ్ఞానశాస్త్రాలలో ఉన్నత స్థాయి బోధన చాలా పరిమితంగా ఉండేది. ప్రయోగశాలలు ఉన్న కళాశాలలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. రసాయనశాస్త్రంలోనో భౌతికశాస్త్రంలోనో లోతైన చదువు కావాలంటే సముద్రం దాటవలసిందే. అందుకు అయ్యే ఖర్చు మధ్యతరగతి కుటుంబాలకు అందనిది.

ఈ పరిస్థితిలో కొద్దిమందికైనా దారి చూపినది గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనం. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో హిందుస్తానీ బోధించిన స్కాట్లండ్ దేశీయుడు జాన్ బోర్త్‌విక్ గిల్‌క్రిస్ట్ తన వీలునామా ద్వారా వదిలిన ఆస్తితో ఏర్పడిన నిధి ఇది. దీనికోసం జరిగే పరీక్ష లండన్ విశ్వవిద్యాలయ ప్రమాణాలకు అనుగుణంగా ఉండేది. గెలిచినవారు బ్రిటన్‌లో చదువుకోవచ్చు.

1882లో ఈ వేతనం పొందినవారిలో ప్రఫుల్లచంద్ర రాయ్ ఒకరు. అప్పటికి ఆయన కలకత్తాలోని మెట్రోపాలిటన్ కళాశాల విద్యార్థి. అక్కడ ప్రయోగశాల సౌకర్యం లేకపోవడంతో ప్రెసిడెన్సీ కళాశాలలో అలెగ్జాండర్ పెడ్లర్ చెప్పే రసాయనశాస్త్ర పాఠాలను వినడానికి వెళ్లేవారు. కుటుంబ ఆస్తి అప్పటికే కరిగిపోతూ ఉంది. కొడుకును సొంత ఖర్చుతో ఇంగ్లండుకు పంపే స్తోమత తండ్రికి లేదు. గిల్‌క్రిస్ట్ పరీక్షకు కనీసం నాలుగు భాషల పరిజ్ఞానం అవసరం. లాటిన్, ఫ్రెంచి వంటి భాషలను రాయ్ చాలావరకు సొంత కృషితో నేర్చుకున్నారు. వేతనం పొంది ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, 1887లో డీఎస్సీ పట్టా పొందారు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించండి. రాయ్ చదవదలచుకున్నది రసాయనశాస్త్రం. ఆయనను ఎంపిక చేసిన పరీక్షలో మాత్రం ప్రాచీన, ఆధునిక భాషలు పెద్ద అవరోధం. అంటే ఆ కాలంలో ‘ప్రతిభ’ అంటే యూరోపియన్ ఉదార విద్యలో నేర్పు. విజ్ఞానశాస్త్రంలో ఆసక్తి ఆ తరువాతి మాట. లాటిన్ నేర్చుకునే అవకాశం లేని పల్లెటూరి విద్యార్థి ఈ పోటీ గురించి కలలో కూడా అనుకోలేడు.

వేతనం గెలిచినంత మాత్రాన సమానత్వం కూడా రాలేదు. 1888లో స్వదేశానికి తిరిగి వచ్చిన రాయ్ దాదాపు సంవత్సరం పాటు ఉద్యోగం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతం మీద తాత్కాలిక సహాయ ఆచార్యుడిగా చేరారు. విద్యాశాఖలోని ఉన్నత శ్రేణి పదవులు ఆచరణలో యూరోపియన్లకే దక్కేవి. బ్రిటిష్ విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా ఉన్నా, బ్రిటిష్ పాలనలో ఆ పట్టాకు పూర్తి విలువ దక్కలేదన్నమాట.

గిల్‌క్రిస్ట్ వేతనానికి తెలుగు నేలతో కూడా సంబంధం ఉంది. రాయ్ కంటే ముందు ఇదే వేతనంపై ఎడింబరో వెళ్లి డీఎస్సీ పట్టా పొందిన అఘోరనాథ చటోపాధ్యాయ తరువాత హైదరాబాదుకు వచ్చారు. నిజాం కళాశాలకు మాతృసంస్థ అయిన హైదరాబాదు కళాశాలకు ఆయన తొలి ప్రిన్సిపాల్. సరోజినీ నాయుడు ఆయన కుమార్తె. ఒక ఉపకార వేతనం ఒక వ్యక్తితో ఆగిపోదని, ఒక ఊరి విద్యా చరిత్రను కూడా మార్చగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

9.3 దాతలు, సంస్థానాలు, స్వదేశీ సంఘాలు

1892లో జంషెడ్‌జీ టాటా ఉన్నత విద్య కోసం ఒక నిధిని నెలకొల్పారు. మొదట పార్సీ విద్యార్థులకే పరిమితమైన ఈ నిధిని రెండేళ్లకు అన్ని మతాలవారికి వర్తింపజేశారు. తొలి లబ్ధిదారు ఫ్రెనీ కామా అనే మహిళ కావడం విశేషం. ఈ నిధి ఇచ్చేది దానం కాదు, అప్పు. చదువు ముగించి సంపాదన మొదలుపెట్టిన విద్యార్థి ఆ సొమ్మును తిరిగి చెల్లిస్తే, దానితో మరొక విద్యార్థి చదువుకుంటాడు.

1904 మార్చిలో కలకత్తాలో జోగేంద్ర చంద్ర ఘోష్ చొరవతో భారతీయుల వైజ్ఞానిక, పారిశ్రామిక విద్యాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఇది చందాలు వసూలు చేసి విద్యార్థులను జపాన్, యూరప్, అమెరికాలకు పంపింది. సబ్బు, గాజు, అగ్గిపెట్టెలు, తోలు వంటి వస్తువుల తయారీని నేర్చుకుని రావడం ఇటువంటి ప్రయాణాల ఆశయం. ప్రతిభకు ఇక్కడ మరో అర్థం వచ్చింది. పరీక్షలో మొదటి స్థానం కంటే, దేశంలో ఒక పరిశ్రమను నిలబెట్టగల సామర్థ్యం ముఖ్యమైంది. స్వదేశీ ఉద్యమానికి ఈ ఆలోచన బలం చేకూర్చింది.

సంస్థానాధీశుల సహాయం మరో మార్గం. 1913లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ బరోడా సంస్థానం ఇచ్చిన వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆయన చదివినది విజ్ఞానశాస్త్రం కాదు, అర్థశాస్త్రం. అయినా మన చర్చకు ఈ ఉదంతం అవసరం. ఎందుకంటే అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వ పోస్టుమెట్రిక్ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. ఒక మహారాజు దయ మీద ఆధారపడిన సహాయం, ప్రభుత్వ బాధ్యతగా మారడం ఇక్కడ కనిపిస్తుంది. ఇది పోటీ వేతనం కాదు. అవసరాన్ని, సామాజిక అన్యాయాన్ని గుర్తించి ఇచ్చే వేతనం. ఈ రెండు ధారలు, అంటే పోటీ ధార, అవసర ధార, ఆ తరువాత చాలా కాలం పక్కపక్కనే, వేర్వేరుగా ప్రవహించాయి.

9.4 పరీక్ష గుర్తించని ప్రతిభ : రామానుజన్ ఉదంతం

పోటీ పరీక్షల పరిమితిని అర్థం చేసుకోవడానికి శ్రీనివాస రామానుజన్ జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1904లో ఆయన కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతోనే చేరారు. అయితే గణితంలో మునిగిపోయి మిగిలిన సబ్జెక్టులను పట్టించుకోలేదు. ఇంగ్లీషులో తప్పారు. వేతనం పోయింది. ఫీజు కట్టే స్థితి ఇంట్లో లేదు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు వెళ్లిపోయారు. కొంతకాలం రాజమండ్రిలో గడిపారు. ఆ తరువాత మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరారు.

1913లో కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీకి రాసిన లేఖ తరువాత పరిస్థితి మారింది. అదే సంవత్సరం మద్రాసు విశ్వవిద్యాలయం డిగ్రీ లేని రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనాన్ని మంజూరు చేసింది. 1914లో ఇంగ్లండు ప్రయాణానికి సంవత్సరానికి 250 పౌన్ల వేతనాన్ని ఇచ్చింది.

ఈ ఉదంతాన్ని ‘ప్రతిభ ఎప్పటికైనా బయటపడుతుంది’ అనే నీతికథగా చదవడం తేలిక. చరిత్ర విద్యార్థి అలా చదవకూడదు. ఒకే వ్యక్తి విషయంలో ఒక నియమం వేతనాన్ని తీసివేసింది, మరొక సంస్థ తన నియమాన్ని పక్కన పెట్టి వేతనాన్ని ఇచ్చింది. ఈ రెండు సంఘటనల మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ ఎనిమిదేళ్లలో రామానుజన్ ఆరోగ్యం, చదువు, కుటుంబం ఎంత నష్టపోయాయో ఆలోచించండి. అలా నియమాన్ని సడలించే పెద్దలు దొరకని విద్యార్థులు ఎందరో ఉండి ఉంటారు. వారి పేర్లు మనకు తెలియవు. చరిత్రలో మౌనం కూడా ఒక ఆధారమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. గిల్‌క్రిస్ట్ పరీక్ష దేనిని ప్రతిభగా గుర్తించింది?
2. టాటా నిధి ఇచ్చిన సహాయానికి, పోస్టుమెట్రిక్ ఉపకార వేతనానికి గల ప్రధాన భేదం ఏమిటి?
3. రామానుజన్ 1904లో పొందిన వేతనాన్ని ఎందుకు కోల్పోయారు?

9.5 స్వతంత్ర భారతంలో ప్రతిభాన్వేషణ (1958–1976)

స్వాతంత్ర్యం తరువాత విజ్ఞానశాస్త్రం దేశాభివృద్ధికి సాధనమనే భావన ప్రభుత్వ విధానంగా మారింది. 1958 మార్చి 4న ప్రభుత్వం వైజ్ఞానిక విధాన తీర్మానాన్ని ప్రకటించింది. శాస్త్రవేత్తలను పెద్ద సంఖ్యలో తయారుచేసుకోవాలన్నది దాని ఆశయాలలో ఒకటి. అదే సంవత్సరం జగదీశ్ చంద్ర బోస్ శతజయంతి. ఆయన పేరుతో బెంగాల్‌లో విజ్ఞాన ప్రతిభాన్వేషణ కార్యక్రమం రూపుదిద్దుకుంది. అమెరికాలో 1942 నుంచి పాఠశాల విద్యార్థుల కోసం వెస్టింగ్‌హౌస్ సంస్థ సహాయంతో ఇటువంటి అన్వేషణ జరుగుతూ ఉంది.

1961లో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1963 చివరిలో జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకాన్ని ప్రారంభించింది. మొదటి ఏడాది ఇది ఢిల్లీకే పరిమితం. పదకొండవ తరగతి విద్యార్థులకు ఇచ్చినవి 10 వేతనాలు మాత్రమే. 1964లో దేశమంతటికీ విస్తరించి 350 వేతనాలు ఇచ్చారు.

ఈ పథకంలో ఎంపికకు నాలుగు అంగాలు ఉండేవి. అవి: (1) వైజ్ఞానిక అభిరుచి పరీక్ష, (2) ఇచ్చిన విజ్ఞాన విషయంపై వ్యాసం, (3) విద్యార్థి స్వయంగా తయారుచేసిన ప్రాజెక్టు నివేదిక, (4) మౌఖిక పరీక్ష. గిల్‌క్రిస్ట్ పరీక్షతో పోల్చి చూడండి. ఎనభై ఏళ్లలో కొలబద్ద పూర్తిగా మారిపోయింది. భాషల పాండిత్యం స్థానంలో ప్రశ్నించే గుణం, ప్రయోగం చేసే నేర్పు వచ్చాయి. బట్టీ పట్టిన విద్యార్థిని, ఆలోచించే విద్యార్థిని వేరు చేయాలన్నది నిర్వాహకుల ఉద్దేశం.

అయితే ప్రాజెక్టు చేయడానికి ప్రయోగశాల, గ్రంథాలయం, దారి చూపే ఉపాధ్యాయుడు కావాలి. ఇవి ఉన్న పాఠశాలలు ఎక్కువగా నగరాల్లోనే ఉండేవి. అంటే బట్టీ చదువును దాటి చూడాలన్న మంచి ఆలోచనే, వసతులు లేని బడుల విద్యార్థులకు కొత్త అడ్డంకి అయ్యే ప్రమాదం ఉంది. ఎంపిక విధానం ఎంత లోతుగా ఉంటే అంత మంచిదని అనుకుంటాం. కానీ ఆ లోతును చేరే మెట్లు అందరికీ ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న.

ఈ పథకంలో రెండవ ముఖ్యాంశం, మూల విజ్ఞానశాస్త్రాలు చదివేవారికే వేతనం దక్కడం. డాక్టరేట్ వరకు ఈ సహాయం కొనసాగేది. ఇంజనీరింగులోనో వైద్యంలోనో చేరితే వర్తించదు. తెలివైన విద్యార్థులు డాక్టర్లు, ఇంజనీర్లు కావాలనుకోవడం అప్పటికే బలపడిన ధోరణి. భౌతికశాస్త్రానికి, గణితానికి మంచి విద్యార్థులు మిగలరేమోనన్న ప్రభుత్వ ఆందోళన ఈ షరతులో కనిపిస్తుంది. ఈ ఆందోళనను గుర్తుంచుకోండి. ముందు ముందు మళ్లీ కనిపిస్తుంది.

9.6 1976 మార్పు, వికేంద్రీకరణ

దేశంలో 10+2+3 విద్యా విధానం వచ్చిన నేపథ్యంలో 1976లో పథకం పేరు నుంచి ‘విజ్ఞాన’ అనే మాట తొలగిపోయింది. అది జాతీయ ప్రతిభాన్వేషణ పథకమైంది. సాంఘికశాస్త్రాలు, ఇంజనీరింగు, వైద్యం కూడా దాని పరిధిలోకి వచ్చాయి. వేతనాల సంఖ్య 500కు పెరిగింది. ఎంపిక పద్ధతి కూడా మారింది. వ్యాసం, ప్రాజెక్టు స్థానంలో మానసిక సామర్థ్య పరీక్ష, విద్యా సామర్థ్య పరీక్ష అనే రెండు లక్ష్యాత్మక పరీక్షలు వచ్చాయి. మౌఖిక పరీక్ష మాత్రం కొనసాగింది.

దీనిని లాభనష్టాల దృష్టితో చూడవచ్చు. లక్ష్యాత్మక పరీక్షను ఎక్కువమందికి, ఒకే తీరుగా నిర్వహించవచ్చు. ప్రయోగశాల లేని బడిలో చదివినవారు కూడా రాయవచ్చు. కానీ విద్యార్థి తనంతట తాను ఒక ప్రశ్న వేసుకుని, దానికి సమాధానం వెతికిన తీరును ఈ పరీక్ష చూడలేదు. విస్తృతి పెరిగింది, లోతు తగ్గింది.

ఆ తరువాతి మార్పులు సామాజిక న్యాయం దిశగా సాగాయి. 1981లో షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థుల కోసం ప్రత్యేకంగా 50 వేతనాలను చేర్చడంతో మొత్తం 550 అయింది. 1983లో మొత్తం 750కి పెరిగింది. అందులో 70 ఈ వర్గాలకు కేటాయించారు. 1995 నుంచి వీటి స్థానంలో 15 శాతం, 7.5 శాతం రిజర్వేషన్ అమలైంది. పోటీ ధార, అవసర ధార అనే రెండు పాయలు కలవడం ఇక్కడ మొదలైందని చెప్పవచ్చు.

1985లో పథకం పదవ తరగతికి పరిమితమై, రెండంచెల విధానం వచ్చింది. మొదటి దశను రాష్ట్రాలు, రెండవ దశను జాతీయ మండలి నిర్వహించాయి. ప్రతి రాష్ట్రానికీ నిర్ణీత సంఖ్యలో విద్యార్థులను రెండవ దశకు పంపే అవకాశం దక్కింది. తరువాతి కాలంలో జాతీయ స్థాయి పరీక్షను కూడా తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో రాసే వీలు కలిగింది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

9.7 మళ్లీ మూల విజ్ఞానం వైపు (1999–2022)

1991 ఆర్థిక సంస్కరణల తరువాత సమాచార సాంకేతిక రంగంలో ఉద్యోగాలు పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు కళాశాలలు ఊరూరా వెలిశాయి. ఇంటర్మీడియట్‌లో గణితం తీసుకున్న విద్యార్థి గమ్యం ఇంజనీరింగే అన్నది ఇంటింటి నమ్మకమైంది. డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ తరగతులు ‘ఇంకెక్కడా సీటు రానివారివి’ అనే పేరు తెచ్చుకున్నాయి. 1963 నాటి ఆందోళన మరింత తీవ్రంగా తిరిగి వచ్చింది.

ఈ నేపథ్యంలో కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ 1999లో కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను ప్రారంభించింది. నిర్వహణ బాధ్యతను బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ చేపట్టింది. పదకొండు, పన్నెండు తరగతులు, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు దీనికి అర్హులు. ఎంపికై, మూల విజ్ఞాన కోర్సులో చేరినవారికి మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు, ఆ తరువాత 7,000 రూపాయలు ఇచ్చేవారు. పుస్తకాలు, ఇతర ఖర్చులకు ఏటా కొంత మొత్తం అదనం. డబ్బు కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఈ పరీక్షలో ఉత్తీర్ణత ద్వారా బెంగళూరు సంస్థలోనూ, 2006 నుంచి ఏర్పడుతూ వచ్చిన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలలోనూ ప్రవేశానికి దారి ఏర్పడింది. 2015లో తిరుపతిలో ఇటువంటి సంస్థ ప్రారంభమైంది.

అయితే ఈ పరీక్షా పత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే ఉండేది. చివరి సంవత్సరాల్లో దరఖాస్తు రుసుము సాధారణ వర్గాలకు 1,250 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 625 రూపాయలు. ఆదిలాబాదు జిల్లాలోనో శ్రీకాకుళం జిల్లాలోనో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో చదివే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఆమెకు ఈ పరీక్ష గురించి చెప్పేవారు ఉండాలి. రుసుము కట్టాలి. పరీక్షా కేంద్రం ఉన్న పట్టణానికి వెళ్లాలి. తాను తెలుగులో నేర్చుకున్న ‘ద్రవ్యవేగం’, ‘సమతాస్థితి’ వంటి భావనలను అక్కడ ఇంగ్లీషులో గుర్తుపట్టాలి. ఆమె తప్పితే, ఆ పరీక్ష కొలిచింది ఆమె భౌతికశాస్త్రాన్నా, ఆమె ఇంగ్లీషునా? రామానుజన్ విషయంలో అడిగిన ప్రశ్నే ఇది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పోటీ మాత్రం ఆ పుస్తకాల భాషలోకి రాలేదు.

2008 డిసెంబరు 13న ప్రారంభమైన ఇన్‌స్పైర్ పథకం మరో దారి పట్టింది. దానిలోని ఉన్నత విద్య ఉపకార వేతనానికి ప్రత్యేక పరీక్ష లేదు. పన్నెండవ తరగతి బోర్డు పరీక్షలలో అత్యున్నత ఒక శాతంలో నిలిచి, సహజ, మూల విజ్ఞానశాస్త్రాలలో డిగ్రీ చదివేవారు అర్హులు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలలో మంచి ర్యాంకు పొంది ఈ శాస్త్రాలలో చేరినవారికి కూడా అవకాశం ఉంది. ప్రారంభంలో ఏటా 10,000 వేతనాలు ఉండేవి. ఒక్కొక్కరికి సంవత్సరానికి 80,000 రూపాయలు. ఇందులో 60,000 నేరుగా విద్యార్థికి, 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో చేసే పరిశోధన ప్రాజెక్టుకు. 1976లో తొలగిపోయిన ప్రాజెక్టు మళ్లీ వచ్చిందన్నమాట. కానీ ఈసారి ఎంపికకు ముందు షరతుగా కాకుండా, ఎంపిక తరువాత శిక్షణగా వచ్చింది. ఇది గమనించదగిన తేడా.

ఏ బోర్డు విద్యార్థులను ఆ బోర్డులోనే పోల్చడం వల్ల భాష అడ్డంకి చాలావరకు తొలగింది. తెలుగులో ఇంటర్మీడియట్ పరీక్ష రాసినవారు కూడా ఆ ఒక శాతంలో ఉండవచ్చు. అయితే ఎక్కువమందికి ఎక్కువ మార్కులు వచ్చే బోర్డులో అర్హత గీత చాలా పైకి జరుగుతుంది. ఒకటి రెండు మార్కుల తేడాతో అవకాశం పోతుంది. మార్కుల కోసం సాగే యాంత్రిక చదువును ఏ ప్రతిభాన్వేషణ కాదనుకుందో, ఆ మార్కులే మళ్లీ కొలబద్ద అయ్యాయి.

ఇంజనీరింగు విద్యార్థులకు ఈ వేతనం వర్తించదు. సాంకేతిక విద్యలో చేరే బాలికల కోసం అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ప్రగతి పేరుతో సంవత్సరానికి 50,000 రూపాయల వేతనాన్ని వేరుగా ఇస్తోంది. దీనికి మార్కులతో పాటు 8 లక్షల రూపాయల కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. అంటే ప్రతిభ, అవసరం రెండింటినీ కలిపి చూస్తుంది.

కిశోర్ వైజ్ఞానిక్ పథకం 2022లో ఇన్‌స్పైర్‌లో విలీనమైంది. ఆ పరీక్ష ఆగిపోయింది. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష కూడా దాదాపు అదే కాలంలో నిలిచిపోయింది. ఆరు దశాబ్దాల ప్రత్యేక పరీక్షల శకం ఇక్కడితో ఒక మలుపు తిరిగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

4. 1963 పథకంలోని నాలుగు ఎంపిక అంగాలు ఏవి?
5. 1985లో జరిగిన మార్పు ఏమిటి?
6. ఇన్‌స్పైర్ వేతనంలో పరిశోధన ప్రాజెక్టు స్థానం, 1963 పథకంలో ప్రాజెక్టు స్థానం కంటే ఎలా భిన్నమైనది?

9.8 దరఖాస్తు ఫారం – ఒక చారిత్రక ఆధారం

శాసనాలు, ఉత్తరాలు, జమాబందీ లెక్కలు చరిత్రకు ఆధారాలని మీరు మొదటి యూనిట్‌లో చదివారు. దరఖాస్తు ఫారం కూడా అటువంటిదే. ఫారంలోని ప్రతి గడి ఒక ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినవారికి ఏది ముఖ్యమో అది చెబుతుంది.

ఇన్‌స్పైర్ దరఖాస్తునే తీసుకుందాం. పదవ తరగతి, పన్నెండవ తరగతి మార్కుల పత్రాలు, బోర్డు ఇచ్చే అర్హతా పత్రం, చదువుతున్న కళాశాల అధిపతి సంతకంతో ధ్రువీకరణ అడుగుతుంది. ఇందులో ‘నీకు ఏ ప్రశ్న మీద ఆసక్తి?’ అనే గడి లేదు. 1964లో విద్యార్థి ప్రాజెక్టు నివేదికను పరీక్ష రోజునే సమర్పించేవాడు. ఆ నివేదికలో అతని కుతూహలం కనిపించేది. ఈనాటి ఫారంలో అతని మార్కులు కనిపిస్తాయి. మరోవైపు, ఆనాటి ఫారం చేరిన బడులు తక్కువ. ఈనాటి ఫారాన్ని ఊరి కేంద్రంలో కూడా ఆన్‌లైన్‌లో నింపవచ్చు.

దరఖాస్తు చేయని వారి గురించి ఫారం ఏమీ చెప్పదు. అర్హత ఉండి, గడువు తేదీ తెలియక ఆగిపోయినవారు, కళాశాలలో సంతకం సకాలంలో దొరకనివారు, ‘మనకెందుకులే’ అనుకున్నవారు ఏ పట్టికలోనూ ఉండరు. ఉపాధ్యాయులుగా, తల్లిదండ్రులుగా, పెద్దవారుగా ఈ పాఠాన్ని చదువుతున్న మీలో చాలామందికి ఇది పుస్తకంలోని విషయం మాత్రమే కాదు. ఒక సమాచారం ఒక ఇంటికి చేరడం, చేరకపోవడం కూడా చరిత్రను నిర్ణయిస్తుంది.

కృత్యం : మీ ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలకు వెళ్లి, బీఎస్సీ చదివే ఐదుగురితో మాట్లాడండి. పైన చెప్పిన పథకాలలో వారికి ఏవి తెలుసు? ఎవరి ద్వారా తెలిశాయి? దరఖాస్తు చేశారా, లేకపోతే ఎందుకు చేయలేదు? వారి సమాధానాలను ఒక పేజీలో రాసి, ఈ యూనిట్‌లోని మూడు ప్రశ్నల ఆధారంగా వ్యాఖ్యానించండి.

9.9 సారాంశం

వలస పాలనలో ఉన్నత విజ్ఞాన విద్యకు దారి ఇచ్చిన వేతనాలు లండన్ ప్రమాణాలను, దాతల ఉద్దేశాలను అనుసరించాయి. రామానుజన్ ఉదంతం ఆ ప్రమాణాల ఇరుకుతనాన్ని చూపింది. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వమే ప్రతిభను వెతికే బాధ్యత తీసుకుంది. 1963 పథకం లోతైన ఎంపికను ఎంచుకుంటే, 1976 మార్పు విస్తృతిని ఎంచుకుంది. 1981 నుంచి సామాజిక న్యాయం, 1985 నుంచి రాష్ట్రాల భాగస్వామ్యం చేరాయి. 1999 తరువాతి పథకాలు మూల విజ్ఞానశాస్త్రాలను కాపాడుకోవాలనే పాత ఆందోళనను తిరిగి ముందుకు తెచ్చాయి. ఏ పథకమూ లోతును, విస్తృతిని, భాషా న్యాయాన్ని ఒకేసారి పూర్తిగా సాధించలేదు. ఒకదానిని పొందేటప్పుడు మరొకదానిని వదులుకోవలసి రావడమే ఈ నూట నలభై ఏళ్ల చరిత్రలో పదేపదే కనిపించే అంశం.

9.10 కీలక పదాలు

ఉపకార వేతనం : చదువు కొనసాగించడానికి విద్యార్థికి ఇచ్చే ధన సహాయం.
మూల విజ్ఞానశాస్త్రాలు : భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, గణితం వంటి పునాది శాస్త్రాలు.
లక్ష్యాత్మక పరీక్ష : ఇచ్చిన సమాధానాలలో సరైనదానిని గుర్తించే పరీక్ష.
వికేంద్రీకరణ : కేంద్రం చేతిలోని అధికారాన్ని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు పంచడం.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.

1. 1963 నుంచి 1985 వరకు జాతీయ స్థాయి ప్రతిభాన్వేషణలో వచ్చిన మార్పులను, వాటి ఫలితాలను చర్చించండి.
2. ఉపకార వేతనాల చరిత్రలో భాష పాత్రను ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.

1. ప్రఫుల్లచంద్ర రాయ్ అనుభవం వలస పాలనలోని విద్యా విధానం గురించి ఏమి తెలుపుతుంది?
2. పోటీ ధార, అవసర ధార అంటే ఏమిటి? అవి ఎప్పుడు, ఎలా కలిశాయి?
3. దరఖాస్తు ఫారాన్ని చారిత్రక ఆధారంగా ఎలా ఉపయోగించవచ్చు?